పరిచర్యలో ఊపిరి సలపని సేవకులకు ఏకాంత ప్రార్థన: అపోహలు – వాస్తవాలు

ఉప్పల్ వైపు ఒక చిన్న సంఘానికి కాపరిగా ఉన్నాను. ఆదివారం రెండు ఆరాధనలు, బుధవారం గృహకూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన, వాటి మధ్య ఆసుపత్రి పరామర్శలు, వివాహాలు, భూస్థాపనలు ఉంటాయి. ఇంత పనిలో అన్నిటికంటే ముందు కరిగిపోయేది దేవునితో ఒంటరిగా గడపవలసిన సమయమే.

అపోహ: చేసేదంతా దేవుని పనే కనుక సేవే ప్రార్థన.

వాస్తవం: మార్త వడ్డించింది సాక్షాత్తు యేసుకే. అయినా ఆయన ఆమె వంటను తప్పుపట్టలేదు గాని, అనేకమైన పనుల గురించి ఆమె పడుతున్న తొందరను ఎత్తి చూపాడు (లూకా 10). ఒకనాడు నేను తొమ్మిది ఇళ్లలో ప్రార్థన చేసి రాత్రి ఇంటికి వచ్చి పడుకున్నాక, ఆ రోజంతా నా తరఫున దేవునితో ఒక్క మాటైనా మాట్లాడలేదని గుర్తుకు వచ్చి కన్నీళ్లు ఆగలేదు.

అపోహ: ప్రసంగం కోసం రోజూ బైబిలు చదువుతూనే ఉన్నాము కదా.

వాస్తవం: దావీదు పశ్చాత్తాప ప్రార్థన అయిన 51వ కీర్తన తెరిచినప్పుడు నా పాపం కంటే ముందు ప్రసంగానికి మూడు అంశాలు, ఆ మాట వినవలసిన ఇద్దరు విశ్వాసుల ముఖాలు నా మనసులో మెదిలేవి. అందుకే ఇప్పుడు ధ్యానానికి వేరే బైబిలు పెట్టుకున్నాను; దాని దగ్గర కలం గాని నోటుపుస్తకం గాని ఉంచను.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటల తరబడి మోకరించకపోతే అది ప్రార్థనే కాదు.

వాస్తవం: గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోను సంఘంలో పరిచర్య చేసి 2000లో ప్రభువునందు నిద్రించిన సువార్తికుడు బక్త్ సింగ్ గారి మోకాళ్ల ప్రార్థన గురించి విన్నవారికి తమ పదిహేను నిమిషాలు చెప్పుకోవడానికి సిగ్గనిపించవచ్చు. దానియేలు రాజ్యభారం మోస్తూనే దినానికి మూడుసార్లు మోకాళ్లూనాడు. యేసు ఒకసారి వేకువనే, మరొకసారి రాత్రంతా ప్రార్థించాడు. గచ్చిబౌలిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చే విశ్వాసికి వేకువ నిద్రవేళ. అతడు మధ్యాహ్నం తలుపు వేసుకుంటే చాలు.

అపోహ: పనులు కాస్త తగ్గితే సమయం దానంతటదే దొరుకుతుంది.

వాస్తవం: సేవకులలో ఎక్కువమంది ఏళ్ల తరబడి ఆగిపోయేది ఇక్కడే. కపెర్నహూములో విశ్రాంతి దినాన సమాజమందిరంలో బోధ, సీమోను అత్తకు స్వస్థత, ప్రొద్దుగుంకాక పట్టణమంతా వాకిట కూడడం, ఇవన్నీ జరిగిన మరునాడే యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లాడు (మార్కు 1). అందరూ వెదకుతున్నారని సీమోను వచ్చి చెప్పినా ఆయన ఆ వాకిటికి తిరిగి వెళ్లక, సమీప గ్రామాలకు బయలుదేరాడు. అంటే ఏకాంతం కోసం ఎవరినో ఒకరిని వేచి ఉండనివ్వాలి. ప్రేమగల కాపరికి ఇది నిజంగా బాధాకరం. అపొస్తలులు కూడా విధవరాండ్రను విడిచిపెట్టలేదు, సంఘం ఏర్పరచుకున్న ఏడుగురికి ఆహార పరిచర్యను అప్పగించి, తాము ప్రార్థనలోను వాక్యపరిచర్యలోను నిలిచారు (అపొ. కార్య. 6).

మా సంఘంలో ఉదయం ఐదు నుండి ఆరు వరకు నా ఫోను ఒక సంఘపెద్ద దగ్గర ఉంటుంది. ఆ తర్వాత పిల్లలను బడికి సిద్ధం చేసే పని నాది, ఎందుకంటే ఇంటికి వచ్చే అతిథులు, స్త్రీల కూడిక, సండే స్కూలు భారం మోసే పాస్టరమ్మ గారి ఏకాంతం గురించి ఎవరూ అడగరు. మొన్న శ్రమల దినాలలో (ఈస్టరుకు ముందు ఉపవాస దినాలలో) ఒక తల్లి ఐదున్నరకే ఫోను చేసింది. సంఘపెద్ద వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఆమె కుమారుని పక్కన కూర్చుని ప్రార్థించారు, నేను ఏడింటికి చేరాను. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ పెద్దాయన ప్రార్థిస్తుంటే బిడ్డ నిద్రపోయాడని మాత్రం చెప్పింది.