మీటరు స్పీడా, మన వైరింగ్ తేడానా? స్మార్ట్ మీటర్లపై అపోహలు - వాస్తవాలు

నరసన్నపేట చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్లకు వైరింగ్ చేస్తూ 20 ఏళ్లు దాటింది. ఈ మధ్య నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం కొత్త స్మార్ట్ మీటరు గురించే, అంటే రీడింగ్‌ను సెల్ సిగ్నల్ మీద తనే పంపే మీటరు. పొలం మోటార్లకు మీటర్లు పెట్టే పైలట్ ప్రాజెక్టు కూడా మొదట మన శ్రీకాకుళం జిల్లాలోనే చేశారు, అందుకే మీటరు మార్చడానికి మనిషి వచ్చాడంటే మన దగ్గర జనానికి ముందు నుంచీ గుబులే. ఆ గుబులు ఉత్తిది కాదు, బిల్లు కట్టేది వాళ్లు. కాకపోతే తప్పు ఎక్కడుందో చూసుకోకుండా "మీటరు స్పీడు" అని ఒక్క ముక్క రాసిస్తే ఆ అర్జీ ఎటూ కదలదు.

అపోహ: కొత్త మీటర్లన్నీ స్పీడుగా తిరిగేలా సెట్ చేసి పంపిస్తున్నారు.

వాస్తవం: ఇళ్లకు పెట్టేది క్లాస్ 1 మీటరు, మామూలు లోడు మీద తేడా 1 శాతం లోపే ఉండాలి. పాత చక్రం మీటరు ఏళ్ల తరబడి అరిగి నెమ్మదించి, చిన్నాచితకా లోడుకు కదిలేదే కాదు. 10 వాట్ల సెట్‌టాప్ బాక్సు రాత్రీపగలూ ఆన్‌లో ఉంటే నెలకు 7 యూనిట్లు, ఇప్పుడది లెక్కలోకి వస్తోంది. అలాగని మీటరు పాడవదని నేను అనను. అనుమానం ఉంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. మీటరు మీద 'imp' అనే ఇంగ్లీషు అక్షరాల దగ్గర 3200 అనో 1600 అనో ఉంటుంది, ఒక యూనిట్‌కు ఎర్ర లైటు అన్నిసార్లు మెరుస్తుందని అర్థం. అన్నీ ఆపేసి, 1000 వాట్ల వాటర్ హీటర్ రాడ్డు ఒక్కటే బకెట్లో పెట్టి 3 నిమిషాలు లెక్కపెట్టండి. 3200 మీటరైతే 160 సార్లు మెరవాలి. సాయంత్రం వోల్టేజీ 210కి పడిపోతే రాడ్డు లాగేదీ తగ్గి 130 చిల్లర దగ్గర ఆగుతుంది, అదీ సరైన లెక్కే. 200 దాటిందంటే మాత్రం వీడియో తీసి పెట్టుకోండి.

అపోహ: ఇంట్లో అన్నీ ఆపినా లైటు మెరుస్తోందంటే మీటరు చెడిపోయినట్టే.

వాస్తవం: నేను ఎక్కువగా చూసే కేసు ఇదే, కాస్త ఓపిగ్గా చదవండి.

"అన్నీ ఆపీసినా మెరుస్తంది బావూ, నా కరెంటు ఎవులు వాడతన్నారు" అని పోలాకి వైపు ఒక ముసలమ్మ పిలిపించింది. ఫ్యూజు పీకి చూశాను, నిజంగానే మెరుస్తోంది. వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెడితే, కరెంటు తెచ్చే ఫేజ్ వైరు మీద సున్నా, దాన్ని వెనక్కి తీసుకెళ్లే న్యూట్రల్ మీద దాదాపు 4 ఆంపియర్లు! అన్నదమ్ములు వాటాలు పంచుకున్నప్పుడు మధ్యలో గోడ కట్టారు గానీ వైరింగ్ పంచుకోలేదు. అటకెక్కి చూస్తే నల్ల వైరు, అంటే న్యూట్రల్, రెండు ఇళ్లకూ కలిపి మెలిపెట్టి, పైన గుడ్డ టేపు చుట్టి ఉంది. మరిది ఇంట్లో ఫ్రిజ్, మోటారు వాడుకున్న కరెంటు వెనక్కి పోయేటప్పుడు ఈమె మీటరు గుండా పోతోంది. పాత మీటరు ఫేజ్ ఒక్కటే చూసేది. ఇప్పటివి ఫేజ్, న్యూట్రల్ రెండూ కొలిచి, ఏది ఎక్కువైతే దాని ప్రకారం యూనిట్లు వేస్తాయి, దొంగతనం పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది. మరిది మీటరు తన ఫేజ్ లెక్క తను వేసింది, ఈమె మీటరు న్యూట్రల్ లెక్క వేసింది, అంటే ఒకే కరెంటుకు రెండు ఇళ్లూ డబ్బు కట్టాయి, అందులో ఒకటి పెన్షన్ మీద బతికే ఇల్లు. ముడి విడదీసి ఎవరి న్యూట్రల్ వాళ్లకు వేశాక లైటు ఆగింది. మనవడు అరుగు మీద కూర్చుని ఇంకో పావుగంట దాన్నే చూశాడు.

మీటరు బిగించిన రోజే క్లాంప్ పెట్టి చూస్తే 2 నిమిషాల పని. ఎందుకు చూడరో నాకు అర్థం కాదు, చాలా కోపం వస్తుంది.

అపోహ: సిగ్నల్ లేకపోతే మీటరు ఇష్టమొచ్చినట్టు రీడింగ్ వేస్తుంది.

వాస్తవం: సిగ్నల్ లేకున్నా మీటరు లెక్క ఆగదు, తన మెమరీలో దాచుకుని సిగ్నల్ వచ్చాక పంపిస్తుంది. దెబ్బ తగిలేది బిల్లు దగ్గర. నెలకు 120 యూనిట్లు కాల్చే ఇంటికి 2022లో వచ్చిన శ్లాబులతో కరెంటు చార్జీ 394 రూపాయల 50 పైసలు, రెండు నెలలకు 789. అదే ఒక నెల రీడింగ్ రాక 240 యూనిట్లూ ఒకే నెలలో వేసేస్తే 1,148 అవుతుంది, ఎందుకంటే 100 యూనిట్లు 6 రూపాయల శ్లాబులోకి, చివరి 15 యూనిట్లు 8.75 శ్లాబులోకి ఎక్కుతాయి. అలాంటి బిల్లు వస్తే "మీటరు తప్పు" అనకండి, "రెండు నెలల యూనిట్లు విడగొట్టి బిల్లు సరిచేయండి" అని రాయండి. ట్రూ అప్ చార్జీలు (కరెంటు సంస్థకు గతంలో అంచనా కంటే ఎక్కువైన ఖర్చును తర్వాత వసూలు చేసేవి) కూడా వేరే వరుసలో ఉంటాయి, వాటికీ మీటరుకూ సంబంధం లేదు.

అపోహ: మీటరు రేడియేషన్‌తో జబ్బులొస్తాయి.

వాస్తవం: అది వాడేది సెల్‌ఫోన్ లాంటి సిగ్నలే, అదీ మధ్యమధ్యలో కాసేపు. దీనికి టెన్షన్ వద్దు. మీటరు కింద వైర్లు బిగించే చోట కాలిన వాసన వస్తే మాత్రం అసలు ఆగకండి, లూజ్ కనెక్షన్ నిప్పు పెడుతుంది.

అపోహ: ఫిర్యాదు చేసినా ఏమీ అవదు.

వాస్తవం: 2024లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, రీడింగ్ మీద ఫిర్యాదు ఇస్తే 5 రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టి, కనీసం 3 నెలలు పోల్చి చూడాలి. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, కాగితం మీద కూడా ఇచ్చి రసీదు అడగండి.

అపార్ట్‌మెంట్ల వాళ్లకు ఇంకొకటి. విజయనగరంలో తాళం వేసి ఉన్న ఫ్లాటుకు 300 యూనిట్లు వచ్చాయని పిలిస్తే వెళ్లాను. ఒక్కో ఫ్లాటు మెయిన్ ఆపుతూ కింద లైట్లు చూస్తే, పక్క ఫ్లాటు మీటరు నంబరు వీళ్ల సర్వీసు నంబరుకు ఎక్కించారని తేలింది. మీటరు మార్చే రోజు ఎంత పనున్నా ఇంటి దగ్గర ఒకరు ఉండి, పాత మీటరు చివరి రీడింగ్, కొత్త మీటరు నంబరు, మొదటి రీడింగ్ మూడూ ఫొటో తీసుకోండి.