మోకాలి ఆపరేషన్‌కి ముందు ఇచ్చే ఆ ఇంజెక్షన్ సంగతి

మా బాబాయికి మోకాల్లో మెనిస్కస్ (ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి) చిరిగిందని కీహోల్ సర్జరీ చేశారు, పొద్దున్నే జాయినైతే సాయంత్రానికి ఇంటికే. కుడి మోకాలి మీద మార్కర్‌తో బాణం గీశారు కూడా, అయినా స్ట్రెచర్ మీద పడుకుని "ఒరేయ్, ఎడమది కోసేస్తారేమోరా" అని ఒకటే గోల. సిస్టర్ వచ్చి చేతి నరానికి పెట్టిన కాన్యులా గొట్టంలోంచి చిన్న సిరంజితో మందు ఎక్కించింది, రెండు మూడు నిమిషాల్లో మనిషి మెత్తబడిపోయి నవ్వుతున్నాడు.

అది మిడజోలం. మెదడులో గాబా అని ఒక కెమికల్ ఉంటుంది, బ్రేక్ లాంటిది, ఈ మందు ఆ బ్రేక్ ఇంకాస్త గట్టిగా పడేలా చేస్తుందన్నమాట. భయం తగ్గుతుంది, దాంతోపాటు కాసేపు జరిగేవి గుర్తుండవు. కానీ నొప్పిని మాత్రం ముట్టుకోదు, చాలామంది పొరబడేది ఇక్కడే.

నొప్పికి వేరే మందులు, పారాసెటమాల్ ఒక గ్రాము, సెలెకాక్సిబ్ లాంటి మాత్ర ఒకటి (కిడ్నీ సమస్య ఉంటే ఇది వద్దంటారు), రెండు గుక్కల నీళ్ళతో ముందే వేయిస్తారు. కోత పడ్డ చోట ప్రోస్టాగ్లాండిన్‌లు అనే కెమికల్స్ తయారై నరాల చివర్లని రెచ్చగొడతాయి, మత్తు దిగే టైముకి మందు ఒంట్లో రెడీగా ఉండాలని ఈ ఏర్పాటు. ప్రీగాబాలిన్ అని నరాల నొప్పి మందు కూడా ఇచ్చేవాళ్ళు, దాంతో తల తిరుగుతుంది, అదే రోజు కర్ర పట్టుకుని నడవాల్సిన మనిషికి అదేం సుఖం?

అసలు భయం తగ్గించే మాత్ర అందరికీ కావాలా అంటే, నాకైతే డౌటే. 2015లో ఫ్రాన్స్‌లో 1062 మంది మీద చేసిన స్టడీ వచ్చింది, రకరకాల ఆపరేషన్లు, కొందరికి లోరాజిపామ్ (మిడజోలం జాతి మాత్రే), కొందరికి ఉత్తుత్తి మాత్ర, కొందరికి అసలేం లేదు. లోరాజిపామ్ వాళ్ళు ఎక్కువ తృప్తిగా ఏం లేరు, పైగా గొంతులో ట్యూబ్ తీయడానికి 17 నిమిషాలు పట్టింది, మిగతావాళ్ళకి 12, 13.

ఇంకోటి, తెలంగాణలో కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం కలిపే బాగోతం తెలిసిందే కదా, అది ఇదే జాతి మందు, రోజూ తాగేవాళ్ళకి మామూలు డోసు పని చెయ్యకపోవచ్చు, కాబట్టి సిగ్గుపడకుండా మత్తు డాక్టరుకి చెప్పెయ్యాలి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి బాబాయి "ఒక్క డాక్టరూ నాతో మాట్లాడలేదు" అని ఒకటే చిందులు. ఇంజెక్షన్ పడ్డాక మత్తు డాక్టరుతో పది నిమిషాలు మిర్చి రేటు గురించి వాదించింది ఆయనే. కట్టు ఎప్పుడు మార్చాలో, మెట్లు ఎప్పుడెక్కాలో అంతా కాగితం మీద రాయించుకుని పిన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది.