పాలమూరు, నల్లగొండ నేల గురించి అపోహలు – వాస్తవాలు

భూగోళశాస్త్రం బోధించే నాకు ప్రతి వేసవిలోనూ వినిపించే మాట ఒకటుంది: "మా ప్రాంతం తలరాతే అంత." ఈ మాట నాకు అస్సలు మింగుడుపడదు. ఇక్కడి నీటి కష్టాలను అర్థం చేసుకోవాలంటే ముందుగా రెండు విషయాలు చూడాలి. ఒకటి నేల ఎత్తు, రెండోది దాని కింద ఉన్న రాయి. వాటిని వదిలేసి మాట్లాడటం వల్లే అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: పక్కనే కృష్ణ పారుతుంటే కరువేమిటి? అంతా జనం చేతగానితనం.

వాస్తవం: కృష్ణానది నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. ఆ దాపునే భీమ కలుస్తుంది. అలంపూర్ దగ్గర తుంగభద్ర వచ్చి చేరుతుంది. మూడు నదులున్నాయి, నిజమే. కానీ అవి పారేది పల్లంలో, పొలాలున్నది మెట్టన. మహబూబ్‌నగర్ (పాలమూరు) పట్టణం సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. కృష్ణ మీది జూరాల జలాశయం నిండుకుండలా ఉన్నా నీటిమట్టం సుమారు 318 మీటర్లే. శ్రీశైలం పూర్తిగా నిండితే 885 అడుగులు, అంటే 270 మీటర్ల లోపే. కాలువ తవ్వినంత మాత్రాన నీరు ఎదురెక్కి రాదు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా పథకాలన్నీ ఎత్తిపోతలు కావడానికి కారణం ఇదే. మోటారు ఆగితే కాలువ ఆగుతుంది.

కొల్లాపూర్ దగ్గరి సోమశిల ఒడ్డుకు విద్యార్థులను తీసుకెళ్తే ఈ పాఠం నేను చెప్పనక్కర్లేదు. దిగువన కనుచూపు మేర శ్రీశైలం వెనుక జలాలు, వెనక్కి తిరిగితే వాన కోసం మొగం వాచిన ఎర్ర చెలకలు. ఆ నీళ్ల అడుగున ఈ ప్రాంతపు ఊళ్లే మునిగి ఉన్నాయన్న సంగతి కూడా వాళ్లకు అక్కడే చెబుతాను. ఉమ్మడి నల్లగొండలోనూ అంతే: సాగర్ ఎడమ కాలువ కిందికి వచ్చే మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పచ్చబడ్డాయి, ఎత్తున ఉన్న దేవరకొండ, మునుగోడు ఎండాయి.

అపోహ: నల్లమల లాంటి కొండలు, అడవి ఉన్నచోట నీటికి కొదవ ఉండదు.

అమ్రాబాద్ పీఠభూమిని వానాకాలంలో మాత్రమే చూసినవారి మాట ఇది. ఇది ఆకురాల్చే అడవి. వాలు ఎక్కువ, మట్టి పొర పలుచన. కురిసిన వాన వాగుల్లో పడి గబగబా కృష్ణలోకి దిగిపోతుంది. రాతి పగుళ్లలోకి ఇంకిన కొద్దిపాటి నీరు, కింద నీటిని దిగనివ్వని పొర తగిలిన చోట పక్కకు జరిగి ఊటగా బయటపడుతుంది. వేసవిలో చెంచు పెంటలకు, అంటే అడవిలోని చెంచుల గూడేలకు, ఇలాంటి ఊటలు, వాగు చెలమలే పెద్ద ఆధారం. ఇసుకలో చేత్తో గుంత తీస్తారు. మొదట ఊరిన మురికినీటిని తోడి పారబోస్తారు. తేటపడే దాకా ఆగి, చిన్న గిన్నెతో ముంచి ముంచి బిందె నింపుతారు. ఒక్క బిందెకు ఎంతసేపు పడుతుందో చూసినవారు అడవిలో నీటికి కొదవ లేదని మళ్లీ అనరు.

కరువొస్తేనే పాలమూరు కూలీలు వలస పోతారన్నది మరో అపోహ. వానాధారపు ఒక్క పంట మీద బతికే ఇంటికి, కాలం బాగున్న ఏడాదీ కొన్ని నెలలే పని దొరుకుతుంది. దానికి కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు, పాత అప్పు తోడవుతాయి. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన నైపుణ్యం వీరిది. "పని చేతకానివాళ్లు" అనే మాట వింటే నాకు కోపం వస్తుంది.

అపోహ: బోరు ఇంకా లోతుకు వేస్తే నీళ్లు పడి తీరుతాయి, భూమి లోపల గంగ పారుతోంది.

వాస్తవం: నల్లమల రాళ్లను మినహాయిస్తే మన కింద ఉన్నది చాలావరకు గ్రానైటు, దాని జాతి రాళ్లు. వీటిలో ఏరులేవీ పారవు. నీరు ఉండేది పైనున్న మొరంలో (చివికిన రాతి పొరలో), దాని కింది రాతి పగుళ్లలో. బోరు బండి నుంచి లేచే దుమ్మును గమనించండి. మొదట ఎర్రటి మొరం వస్తుంది, తర్వాత చెమ్మ తగులుతుంది. ఆపైన పొడిపొడిగా సన్నటి రాతిపిండి తప్ప మరేమీ రాకపోతే బండరాయి తగిలిందని అర్థం. అక్కడి నుంచి లోతు పెరిగేకొద్దీ పగులు దొరికే అవకాశం తగ్గుతుంది, అప్పు మాత్రం పెరుగుతుంది. పక్క చేనులో పడిన నీరు మన చేనులో పడకపోవడానికి కారణం కూడా ఈ పగుళ్లే. నీటి జాడ చెప్పేవారి అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడటానికి, ఈ పగుళ్లకు ఏ సంబంధమూ లేదు. ఊరి చెరువులో, కుంటలో నీళ్లు నిలిస్తే చుట్టుపక్కల బోర్లు కోలుకుంటాయి.

అపోహ: నీటిలోని ఫ్లోరైడ్ అనేది ఫ్యాక్టరీల నుంచి వచ్చే కాలుష్యం, నీళ్లు కాచి తాగితే పోతుంది.

ఇది ప్రమాదకరమైన అపోహ. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ఫ్లోరైడ్ వచ్చింది గ్రానైటు లోపలి ఖనిజాల నుంచే. వాన తక్కువ, ఎండ ఎక్కువ. రాతి సందుల్లో ఎక్కువకాలం నిలిచిన నీటిలోకి అది కరిగి చేరుతుంది. కాబట్టి లోతైన బోరు నీరు మంచిదని నమ్మవద్దు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. పైగా నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని గాఢత పెరుగుతుంది. పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి దాన్ని తగ్గిస్తుంది, కానీ మోతాదు సరిగ్గా ఉండాలి. అంతకంటే మేలు శుద్ధిచేసిన నది నీరు.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని ప్రమాణం. వేరే నీటివనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడ్ వల్ల వంగిపోయిన ఎముకలను తిరిగి సరిచేసే మందు లేదు. ఒకే ఊళ్లో రెండు బోర్ల నీరు ఒకేలా ఉండదు కాబట్టి, పొలం బోరు నీళ్లు తాగేవారు ఆ బోరు నీటినే విడిగా పరీక్ష చేయించుకోవాలి.