ఆన్‌లైన్ క్లాసులో మర్యాద: అపోహలు - వాస్తవాలు

కొన్నేళ్లుగా లైవ్ క్లాసుల్లో లెక్కలు చెబుతున్నాను. కొత్తగా చేరిన పిల్లలు మొదటి రోజే "రూల్స్ ఏంటి టీచర్?" అని అడుగుతారు. అడుగుతారన్న మాటే గానీ, మర్యాద అంటే ఏమిటో అప్పటికే ఇంట్లో చెప్పి పంపించి ఉంటారు. అందులో కొన్ని మంచివే. కొన్ని మాత్రం పిల్లల చదువుకే అడ్డం పడుతున్నాయి.

అపోహ: మైక్ మ్యూట్ చేసి కదలకుండా కూర్చుంటే మర్యాదగా ఉన్నట్టే.

ఒకరోజు భిన్నాల కూడిక చెబుతూ స్లైడ్లు మార్చుకుంటూ పోయాను. నాకు మారుతున్నాయి, పిల్లలకు మాత్రం మొదటి స్లైడ్ దగ్గరే ఆగిపోయింది. పది నిమిషాలు ఎవరూ నోరు విప్పలేదు. చివరికి ఒకమ్మాయి చాట్‌లో "టీచర్, ఇంకా ఒకటో పేజీయే కనిపిస్తోంది" అని రాసింది. ముందే చెప్పొచ్చు కదమ్మా అంటే, "మీరు చెబుతుంటే మధ్యలో మాట్లాడకూడదు కదా టీచర్" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. బుద్ధిగా కూర్చున్నందుకు క్లాసు మొత్తానికీ పాఠం పోయింది.

ఎదురుగా కూర్చున్న పిల్లల నొసలు ముడిపడితే నాకు ఇట్టే తెలిసిపోతుంది. తెర మీద ఆ వీలు లేదు. అందరూ నిశ్శబ్దంగా ఉన్నారంటే అర్థమైందో, కాలేదో, నెట్ పోయిందో చెప్పలేను. అందుకే బొమ్మ ఆగినా, మాట తెగుతున్నా వెంటనే చెప్పేయాలి. అది అడ్డు తగలడం కాదు. సందేహం కూడా అంతే. "అర్థం కాలేదు" అని వదిలేయకుండా "రెండో స్టెప్‌లో 12 ఎక్కడి నుంచి వచ్చింది?" అని రాస్తే సూటిగా అక్కడికే వెళ్లి చెబుతాను.

మ్యూట్ అక్కర్లేదని కాదు. ఎవరు మాట్లాడుతున్నారో యాప్ శబ్దాన్ని బట్టి గుర్తిస్తుంది కాబట్టి, కుర్చీ జరిపిన చప్పుడుకే ఒక్కోసారి ఆ పిల్లాడు అందరి తెర మీదా ప్రత్యక్షమవుతాడు. ఇద్దరు తోబుట్టువులు ఒకే గదిలో రెండు ఫోన్లలో అదే క్లాసు వింటుంటే, ఒక ఫోన్ స్పీకర్ శబ్దం ఇంకో ఫోన్ మైక్‌లోకి దూరి చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ గొడవ ఉండదు. కంప్యూటర్‌లో జూమ్ వాడేవాళ్లు స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే అంతసేపే మైక్ తెరుచుకుంటుంది, వదలగానే మళ్లీ మ్యూట్. చిన్న చిన్న జవాబులకు అది చాలా హాయి.

అపోహ: మాటకు మాట అడ్డం వచ్చే పిల్లలకు పద్ధతి తెలియదు.

చాలాసార్లు తప్పు పిల్లలది కాదు, నెట్ ఆలస్యానిది. 2009లో పది భాషల సంభాషణలను పోల్చి చూసిన ఒక పరిశోధనలో, ఒకరి ప్రశ్న ముగిసి ఇంకొకరి జవాబు మొదలవడానికి మధ్య ఉండే వ్యవధి సగటున 200 మిల్లీసెకన్ల దగ్గర తేలింది. అంటే సెకనులో ఐదో వంతు. నెట్‌లో మాట అవతలి వైపుకు చేరడానికే అంత సమయం పట్టొచ్చు. ఇంకేముంది, ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు, ఇద్దరూ సారీ అని ఆగుతారు, మళ్లీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెడతారు. రైజ్ హ్యాండ్ బటన్ ఉన్నది ఇందుకే. టీచర్లం కూడా "ఎవరు చెబుతారు?" అని గాల్లోకి అడగడం మానేసి, పేరు పెట్టి పిలవాలి.

అపోహ: కెమెరా ఆపేశారంటే క్లాసు వినడం లేదన్నమాట.

దీని మీద తల్లిదండ్రులతో, తోటి టీచర్లతో నేను ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాను. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో ఒక కోర్సు విద్యార్థులను కెమెరా ఎందుకు ఆపేస్తున్నారని అడిగితే, 41 శాతం మంది తాము ఎలా కనిపిస్తున్నామోనన్న బెంగే కారణమన్నారు. ఆ ఫలితాలు 2021లో అచ్చయ్యాయి. వెనకాల ఉన్న గది, ఇంట్లో మనుషులు కనిపిస్తారన్న సంకోచం, బలహీనమైన నెట్ కూడా వాళ్లు చెప్పిన కారణాల్లో ఉన్నాయి. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జెరెమీ బేలెన్సన్ వీడియో కాల్స్ ఎందుకు అలసట తెప్పిస్తాయో వివరిస్తూ రాశారు. గంటల తరబడి సొంత ముఖాన్ని చూసుకుంటూ ఉండటం అందులో ఒక కారణం. జూమ్‌లో 'హైడ్ సెల్ఫ్ వ్యూ' నొక్కితే మీ వీడియో మీకు కనిపించదు, మిగతావాళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. నా క్లాసులో టెన్షన్ పడే పిల్లలు కొందరు ఇది చేశాక కెమెరా ఆన్ చేయడం మొదలుపెట్టారు.

నెట్ సంగతి కూడా చూడాలి. మాటకు పట్టే డేటా కన్నా వీడియోకు ఎన్నో రెట్లు ఎక్కువ పడుతుంది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు కెమెరా ఆపేస్తే మాట నిలబడుతుంది. నేను అడిగేది ఒక్కటే: ఆపేముందు "నెట్ బాగాలేదు, వింటున్నాను" అని చాట్‌లో ఒక ముక్క రాయండి. మాట్లాడేటప్పుడు వీలైతే ఆన్ చేయండి.

అపోహ: ఆలస్యంగా వస్తే మైక్ ఆన్ చేసి సారీ చెప్పాలి.

వద్దు. చప్పుడు లేకుండా వచ్చి చేరండి, చాలు.

అపోహ: చాట్‌లో ఫ్రెండ్‌తో మాట్లాడుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

ఒకబ్బాయి తోటి పిల్లాడి నత్తి గురించి స్నేహితుడికి పంపాలనుకున్న మాట 'ఎవ్రీవన్'కి వెళ్లిపోయింది. ఆ పిల్లాడు అప్పుడు లెక్క చదువుతున్నాడు. చదవడం ఆపేశాడు. రెండు వారాలు మళ్లీ గొంతు వినిపించలేదు. పంపినవాడు ఫోన్ చేసి క్షమించమన్నాడు, నిజంగానే బాధపడ్డాడు కూడా. పంపేముందు ఎవరికి వెళ్తోందో చూసుకోవడం ఒక జాగ్రత్త. ఒకరు మాట్లాడుతున్నప్పుడు వాళ్ల గురించి రాయకుండా ఉండటం అంతకన్నా ముఖ్యం.

అపోహ: క్లాసు లింక్, స్క్రీన్‌షాట్ గ్రూపుల్లో పెట్టినా ఏమీ కాదు.

స్క్రీన్‌షాట్‌లో మీరొక్కరే ఉండరు. మిగతా పిల్లల ముఖాలు, పేర్లు, ఇళ్లు కూడా ఉంటాయి. ఇక లింక్ బయటికి పొక్కితే ఏమవుతుందో 2020లో చూశాం. ముక్కూ మొహం తెలియనివాళ్లు క్లాసుల్లోకి చొరబడుతున్నారని మార్చి 30న అమెరికాలో ఎఫ్‌బీఐ హెచ్చరించింది. ఏప్రిల్‌లో జూమ్ పాస్‌వర్డ్‌ను, వెయిటింగ్ రూమ్‌ను ముందే ఆన్ అయి ఉండేలా మార్చింది. అందుకే నేను వెయిటింగ్ రూమ్‌లో ప్రతి పేరూ చూసి లోపలికి తీసుకుంటాను. అక్కడ "గెలాక్సీ" అనో "ఐఫోన్" అనో కనిపిస్తే తలుపు తీయలేను. దయచేసి హాజరు పట్టీలో ఉన్న పేరే పెట్టుకోండి.