పొర వడపోతకు ఆక్సీకరణ ఎందుకు తోడైంది?

విశాఖ గెడ్డల్లో పారే మురుగును శుద్ధి చేసి పరిశ్రమలకు ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడల్లా పొర వడపోత (అతి సన్నని రంధ్రాల పొర గుండా నీటిని పంపి మలినాలను ఆపడం), ఆక్సీకరణ (ఓజోన్ లాంటి వాటితో మలినాలను రసాయనికంగా విడగొట్టడం) జంటగా వినిపిస్తాయి. మొదట్లో మాత్రం వీటి దారులు వేరు.

ఓజోన్‌తో తాగునీటి శుద్ధి ఫ్రాన్స్‌లోని నీస్‌లో 1906 నాటికే ఉంది. మురుగులోకి గాలి ఊది సూక్ష్మజీవులతో శుద్ధి చేయించే యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతి 1914లో మాంచెస్టర్‌లో వచ్చింది. అది బీఓడీని (సూక్ష్మజీవులు తినగల మలినాల కొలతను) దించుతుంది గానీ మందుల అవశేషాలను చాలావరకు వదిలేస్తుంది. లోబ్, సూరిరాజన్ అనే పరిశోధకుల ఆర్వో (ఒత్తిడితో నీటిని నెట్టి, కరిగిన లవణాలను కూడా ఆపే) పొర 1960 ప్రాంతంలో వచ్చింది. 1989లో యమమోటో బృందం పొరను నేరుగా గాలి తొట్టిలోనే ముంచి చూపింది. సూక్ష్మజీవుల తొట్టినీ పొరనూ కలిపిన నేటి ఎంబీఆర్‌కు అదే మూలం.

జంట కుదిరింది కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో. శుద్ధి చేసి భూమిలోకి ఎక్కిస్తున్న నీటిలో 2000 ప్రాంతంలో ఎన్‌డీఎంఏ అనే, క్యాన్సర్ కలిగించగల రసాయనం బయటపడింది. దాని అణువు చిన్నది, విద్యుదావేశం లేనిది. ఆర్వో పొరను సులువుగా దాటేస్తుంది. పైగా పొర మీద సూక్ష్మజీవులు పేరుకోకుండా వేసే క్లోరమిన్ (క్లోరిన్, అమోనియా కలిసిన మందు) వల్ల కూడా అది పుడుతుంది! అందుకే 2008లో మొదలైన ప్లాంటులో ఆర్వో తర్వాత యూవీ (అతినీలలోహిత కాంతి) పెట్టి, లీటరుకు సుమారు 3 మిల్లీగ్రాముల హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతున్నారు. యూవీ ఎన్‌డీఎంఏను విడగొడుతుంది, పెరాక్సైడ్ నుంచి పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్ (దేన్నయినా చప్పున ఆక్సీకరించే చురుకైన కణం) 1,4-డయాక్సేన్ అనే పారిశ్రామిక ద్రావకం పని పడుతుంది. ఆ రాడికల్‌ను మింగేసే బైకార్బనేట్, సేంద్రియ పదార్థాలు అప్పటికే ఆర్వో దగ్గర ఆగిపోతాయి కాబట్టి అంత తక్కువ మోతాదు సరిపోతుంది.

ఓజోన్‌ను పొరకు ముందు పెట్టే పద్ధతీ ఉంది. పొరకు పట్టే జిగురును అది విరగ్గొడుతుంది. కానీ మిగిలిన ఓజోన్ పాలిఅమైడ్ (ఆర్వో పొరల్లో వాడే ప్లాస్టిక్) పొరను తాకితే పొర పాడవుతుంది, ఆ ఓజోన్‌ను ముందే తొలగించాలి. ఇంకో చిక్కు నైట్రైట్. తొట్టిలో గాలి చాలక నైట్రిఫికేషన్ (సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైట్‌గా, ఆపై నైట్రేట్‌గా మార్చడం) సగంలో ఆగితే, నైట్రైట్ రూపంలోని ప్రతి మిల్లీగ్రాము నైట్రోజన్ 3.43 మిల్లీగ్రాముల ఓజోన్‌ను తినేస్తుంది. ఓజోన్ జనరేటర్ నడుస్తూనే ఉంటుంది, ఫలితం ఉండదు. చాలాసార్లు తప్పు ఓజోన్‌ది కాదు, తొట్టిలోకి గాలి ఊదే బ్లోయర్‌ది.

విశాఖలో దీనికి ఉప్పు తోడవుతుంది. తీరం వెంట, హార్బరు పక్క పల్లాల్లో మురుగు లైన్ల అతుకులు వదులైతే సముద్రపు నీరు ఊరుతుంది, దాంతో బ్రోమైడ్ వస్తుంది. ఓజోన్ తగిలితే అది బ్రోమేట్ అనే హానికర రసాయనం అవుతుంది. తాగునీటిలో దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. అమావాస్య, పౌర్ణమి పోటు వేళ పంపుహౌస్ దగ్గర గంటకోసారి కండక్టివిటీ (ఉప్పు పెరిగితే పెరిగే విద్యుద్వాహకత) చూస్తే ఏ లైను కారుతోందో తెలిసిపోతుంది. ఓజోన్ మోతాదు లెక్క ఆ తర్వాతే వేయాలి. ఆర్వో 80 శాతం నీటిని రాబడితే, పొర ఆపినవన్నీ మిగిలిన 20 శాతంలో దాదాపు ఐదు రెట్లు చిక్కబడతాయి. ఆ చిక్కటి నీటిని ఎక్కడికి పంపాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి.