చల్లటి నీళ్లు, ముసలి చేపలు

కెనడాలోని సస్కటూన్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక పాఠకుడు ఫొటో పంపి రెండు ప్రశ్నలు అడిగారు. జూన్ మొదట్లో ఆఫీసు మిత్రులతో కలిసి ఉత్తర సస్కచెవాన్‌లో రోడ్డు లేని ఒక సరస్సుకు వెళ్లారట, నీటి మీద దిగే చిన్న విమానంలో. అక్కడి ఫిషింగ్ లాడ్జిలో ఉండి, 43 అంగుళాల నార్తర్న్ పైక్ అనే చేపను పట్టి, కొలిచి, ఫొటో తీసుకుని వదిలేశారు. "సరస్సు మీద మంచుగడ్డ కరిగి పట్టుమని రెండు వారాలు కాలేదు. నీళ్లలో చెయ్యి పెడితే మొద్దుబారిపోతోంది. ఇంత చలిలో చేప అంత ఎలా పెరిగింది? అంత డబ్బు పోసి వెళ్లాక దాన్ని వదిలేయమనడం ఏం న్యాయం?" ఇవీ ఆయన ప్రశ్నలు.

రెండిటికీ జవాబు ఒకే లెక్కలో ఉంది. నాకు చాలా ఇష్టమైన లెక్క అది.

పైక్ గురించి ముందు రెండు మాటలు. కెనడాలో చాలామంది దాన్ని జాక్‌ఫిష్ అంటారు. బాతు ముక్కులా చదునైన మూతి, నోటి నిండా పళ్లు, ఆకుపచ్చ ఒంటి మీద చిక్కుడు గింజల ఆకారంలో లేత మచ్చలు. మన కొర్రమీనుకూ దీనికీ చుట్టరికం లేదు గానీ బతికే తీరు ఒకటే: నీటి మొక్కల్లో కదలకుండా మాటు వేసి, దగ్గరికొచ్చిన దాని మీద పడటం. 40 అంగుళాలు దాటితే ట్రోఫీ అంటారు. అంత పొడవున్నది దాదాపు ఎప్పుడూ ఆడ చేపే. మగవి అంత పెరగవు.

ఇప్పుడు చలి సంగతి. చల్లటి నీళ్లలో పైక్ త్వరగా పెరగదు. కెనడా శాస్త్రవేత్త జాన్ కాసెల్‌మన్ 1978లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ చేప బరువు బాగా పెరిగేది 19 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పొడవు బాగా పెరిగేది 21 డిగ్రీల దగ్గర. ఉత్తర సరస్సుల్లో నీళ్లు అంత వెచ్చబడేది ఏడాదిలో కొద్ది వారాలే. మిగతా కాలంలో ఎక్కువ భాగం మంచుగడ్డ కింద, దాదాపు ఎదుగుదల లేకుండా గడపాలి. కాబట్టి పాఠకుడి అనుమానం సరైనదే, అక్కడ చేప నిజంగానే నెమ్మదిగా పెరుగుతుంది. ఏడాదికి పెరిగేది తక్కువైనప్పుడు 43 అంగుళాలకు చేరే దారి ఒక్కటే, ఎక్కువ ఏళ్లు బతకడం.

ఆ ఏళ్లను లెక్కపెట్టడం కూడా కాసెల్‌మన్, ఆయన సహచరులు పద్ధతిగా చేసి చూపించారు. పొలుసుల మీద వలయాలు ఉంటాయి, కానీ ముసలి చేపలో ఎదుగుదల ఆగిపోయినంత పనై, అంచు దగ్గర వలయాలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుపోతాయి. వాటిని నమ్మితే ముసలి చేప వయసు బాగా తగ్గించి చెప్తాం. నమ్మదగినది క్లైత్రమ్ అనే ఎముక. మొప్పల మూత వెనక అంచున, చేప భుజం అనదగిన చోట, వంపు తిరిగిన పల్చటి రేకులా ఉంటుంది. వేడినీళ్లలో మాంసం వదిలించి, కడిగి ఆరబెట్టి, నల్లటి నేపథ్యం మీద పెట్టి పక్క నుంచి వెలుతురు వేస్తే పట్టీలు పట్టీలుగా కనిపిస్తుంది. వేసవిలో వేసిన ఎముక తెల్లగా, మందంగా ఉంటుంది. చలికాలంలో వేసింది సన్నటి పారదర్శకమైన గీత. మధ్యలో ఉన్న పట్టీలు వెడల్పు, అంటే చిన్నప్పటి ఏళ్లు. అంచుకు వచ్చేకొద్దీ సన్నబడుతూ పోతాయి. ఉత్తరాది పెద్ద ఆడ చేపల్లో ఇలా లెక్కపెడుతూ ఇరవై దాటడం కూడా జరుగుతుంది. బాగా వేటాడే దక్షిణాది వెచ్చటి సరస్సుల్లో చాలా పైక్‌లు పదేళ్లు కూడా చూడవు.

పైక్ వయసు గురించి యూరప్‌లో ఒక పెద్ద కథ ఉంది. 1497లో జర్మనీలో దొరికిన ఒక పైక్‌కు రాగి ఉంగరం తొడిగి ఉందనీ, దాన్ని 1230లో రెండో ఫ్రెడరిక్ చక్రవర్తి వదిలాడనీ, అంటే దాని వయసు 267 ఏళ్లనీ, పొడవు 19 అడుగులనీ చెప్పుకునేవారు. మన్‌హైమ్‌లో దాని అస్థిపంజరం అంటూ ఒకటి జనానికి చూపించారు కూడా. తర్వాత పరిశీలిస్తే అందులో ఉండాల్సిన వాటికన్నా ఎక్కువ వెన్నుపూసలు ఉన్నాయి, అంటే ఒకటికి మించిన చేపల ఎముకలు అతికించి తయారుచేశారన్నమాట. ఎముకలు లెక్కపెట్టే ఓపిక ఒక్కరికి ఉన్నా కథ అంతకాలం నడిచేది కాదు.

ఇక లెక్కలోకి వద్దాం. ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ అందరం చదువుకున్నాం. అసలు, వడ్డీ రేటు, కాలం. బడిలో దాన్ని బ్యాంకు లెక్కగానే చెప్పి వదిలేస్తారు, అదే నాకు బాధ. అదే సూత్రాన్ని పిల్లలకు ఒక చెరువు మీద వేసి చూపిస్తే, జీవశాస్త్రంలో సగం దానంతటదే అర్థమవుతుంది.

ఒక సరస్సులో బాల్యం గడిచి బతికి బట్టకట్టిన 1000 ఆడ పైక్‌లు ఉన్నాయనుకోండి. ఏటా నూటికి 85 బతుకుతున్నాయి. ఇంకో సరస్సులోనూ 1000 ఉన్నాయి, అక్కడ నూటికి 70 బతుకుతున్నాయి. మొదటి ఏడాది చివర 850, 700. పెద్ద తేడా ఏం కాదు, రెండో సరస్సు యజమానికి కంగారు పుట్టదు. ఐదేళ్లకు 444, 168. పదేళ్లకు 197, 28. పదిహేనేళ్లకు 87, 5. చక్రవడ్డీలో డబ్బు ఎలా ఉబ్బుతుందో ఇక్కడ చేపలు అలా కరుగుతాయి, రేటులో ఉన్న చిన్న తేడా కాలం గడిచేకొద్దీ విశ్వరూపం చూపిస్తుంది. మొదటి సరస్సులో ముసలి చేపలు రెండో దానికి పదిహేడు రెట్లు.

ఇప్పుడు మొదటి సరస్సులోనే చిన్న మార్పు చేద్దాం. ఏటా నూటికి ఇంకో ఐదు చేపలు మాత్రం ఎవరో పట్టుకుపోతున్నారు. 85 కాస్తా 80 అయింది. పదిహేనేళ్లకు మిగిలేవి 87 కాదు, 35. నూటికి ఐదు అనే మాట వినడానికి ఏమీ కాదు. కానీ అది పదిహేను సార్లు గుణించుకుంటూ పోయి సగానికి పైగా ముసలి చేపల్ని మింగేసింది.

అసలు మనుషులు అన్ని వయసుల నుంచీ సమానంగా పట్టుకుపోరు, పెద్దవాటినే ఏరుకుంటారు. లాడ్జికి వారానికి ఎనిమిది మంది వస్తారనీ, సీజను పది వారాలనీ, తలా ఒక్క పెద్ద చేపను ఇంటికి తీసుకెళ్తారనీ అనుకోండి. మొత్తం 80. పదిహేనేళ్లు చలిలో మగ్గి మిగిలిన 87లో 80 ఒక్క వేసవిలో పోయినట్టు. మళ్లీ ఆ ఖాతా నిండాలంటే మళ్లీ పదిహేనేళ్లు పడుతుంది, ఎందుకంటే చలి ఎవరికోసమూ ఎదుగుదల తొందరపెట్టదు. వదిలేయడం ఏం న్యాయం అన్న ప్రశ్నకు జవాబు ఈ కూడిక, గుణకారాల్లోనే ఉంది. ఆ పాఠకుడి కన్నా ముందు వచ్చినవాళ్లు వదిలారు కాబట్టే ఆయనకు ఆ చేప చిక్కింది.

అయితే చేపను అసలు తినకూడదని కాదు. లాడ్జిల్లో మధ్యాహ్నం గైడ్ ఒడ్డున మంట వేసి, ఇనప మూకుడులో చేప వేయిస్తాడు, దాన్ని షోర్ లంచ్ అంటారు. ఆ మూకుడులోకి వెళ్లేవి చిన్న పైక్‌లు, లేదా వాలై అనే ఇంకో చేప. చిన్నవాటిలో చాలావరకు ఎలాగూ పెద్దవి కాకుండానే పోతాయి కాబట్టి, వాటిలో కొన్ని తగ్గినా లెక్క పెద్దగా కదలదు. పైక్ మాంసంలో వై ఆకారపు ముళ్లు వరసగా ఉంటాయి. వాటిని తప్పించి కోయడం గైడ్ల చేతిలో విద్య.

బతికే రేటును 85 దగ్గర నిలబెడుతున్నది ఏమిటి? ఒకటి దూరం. రోడ్డు ఉన్న సరస్సుకు శనివారం ఎవరైనా బండేసుకుని రావచ్చు. రోడ్డు లేని సరస్సుకు విమానం కావాలి. ఉత్తర కెనడాలో దశాబ్దాలుగా ఈ పని చేస్తున్నది ముఖ్యంగా డి హావిలాండ్ బీవర్, దాని పెద్దన్న ఆటర్. బీవర్ మొదటిసారి ఎగిరింది 1947లో, తయారీ ఆగింది 1967లో, అయినా ఇంకా ఎగురుతూనే ఉంది. ఒకే ఇంజను, చక్రాల బదులు రెండు పడవల్లాంటి తేలియాడే కాళ్లు. రేవులో సామాను తూకం వేసి గానీ ఎక్కించరు. ఎంతమంది వెళ్లగలరో, ఎంత బరువు తిరిగి తేగలరో ఆ తూకమే నిర్ణయిస్తుంది.

రెండోది మళ్లీ చలే. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. చేప ఒంటి వేడి నీటి వేడే. నీళ్లు పది డిగ్రీలు వెచ్చబడితే ఊరికే బతికి ఉండటానికి అయ్యే శక్తి ఖర్చు దాదాపు రెట్టింపో, ఇంకా ఎక్కువో అవుతుంది. వెచ్చటి నీటిలో చేప త్వరగా తింటుంది, త్వరగా పెరుగుతుంది, త్వరగా పోతుంది కూడా. డేనియల్ పాలీ అనే మత్స్యశాస్త్రవేత్త 1980లో 175 చేపల సమూహాల లెక్కలు పక్కపక్కన పెట్టి చూపించింది ఇదే: సహజ మరణాల రేటు నీటి ఉష్ణోగ్రతతో పాటు, ఎదిగే వేగంతో పాటు పెరుగుతుంది. దీనికి ఆక్సిజన్ తోడవుతుంది. 10 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 25 డిగ్రీల దగ్గర 8.3 మాత్రమే. అంటే ఖర్చు పెరిగిన వేళకే సరఫరా తగ్గింది. పైక్ పెద్దదయ్యేకొద్దీ చల్లటి నీటినే కోరుకుంటుంది. దక్షిణాది సరస్సులో జులై వచ్చేసరికి పైన నీళ్లు మరీ వెచ్చన, అడుగున చల్లగా ఉన్నా ఆక్సిజన్ ఉండదు. మధ్యలో సన్నటి పొరలో ఇరుక్కుని, తిండి దొరక్క, పెద్ద చేప వేసవిలో చిక్కిపోతుంది. ఉత్తరాన ఈ ఇరుకు రాదు, పైగా కొవ్వు పట్టిన సిస్కో, వైట్‌ఫిష్ లాంటి చేపలు పైక్ ఉండే నీటిలోనే తిరుగుతుంటాయి.

ఆగస్టులో పైక్ పళ్లు రాలిపోతాయనీ, చిగుళ్ల నొప్పితో ఎర ముట్టదనీ అమెరికాలో, కెనడాలో చాలామంది నమ్ముతారు. పళ్లు ఏడాది పొడవునా కొన్ని ఊడుతూ కొన్ని వస్తూ ఉంటాయి. ఆగస్టులో పెద్ద చేప దొరకకపోవడానికి కారణం నీటి వేడి. అది ఒడ్డు దగ్గర ఉండదు, అంతే. జూన్‌లో దీనికి తిరగబడిన కథ. మంచు పోగానే లోతు తక్కువైన చోట, నీట మునిగిన గడ్డిలో గుడ్లు పెట్టిన ఆడ చేపలు కొన్నాళ్లు అక్కడే ఉంటాయి, ఎందుకంటే నల్లటి బురద అడుగున్న ఆ మూలలే ముందు వెచ్చబడతాయి. మోకాటి లోతు నీళ్లలో కట్టెల్లా కదలకుండా కనిపిస్తాయి. ఎరుపు తెలుపు చారల స్పూన్ అనే లోహపు ఎర పక్కనుంచి వెళ్తే ఒళ్లు ఎస్ ఆకారంలో వంగి విడిపోతుంది. ప్రయోగశాలలో పైక్ ఉలిక్కిపడి దూకినప్పుడు సగటు గరిష్ఠ త్వరణం సెకనుకు సెకనుకు 120 మీటర్లు వచ్చింది, భూమ్యాకర్షణకు పన్నెండు రెట్లు. ఆ ఊపంతా ఆక్సిజన్ లేకుండా పనిచేసే తెల్ల కండరానిది. గాలానికి పెనుగులాడాక అందులో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, తేరుకోవాలంటే బోలెడు ఆక్సిజన్ కావాలి. చల్లటి నీటిలో అది దొరుకుతుంది. అందుకే ఇక్కడ వదిలిన చేప బతుకుతుంది. ఎదురుముల్లు లేని కొక్కేలు వాడటం కూడా చేపను నీటిలోంచి ఎత్తకుండానే క్షణాల్లో విడిపించడానికి.

ఒక అభ్యంతరం మిగిలింది, తెలిసినవాళ్లు తప్పకుండా అడుగుతారు. చలే గొప్పదైతే రికార్డులు ఉత్తరాన ఎందుకు లేవు? ప్రపంచ రికార్డు పైక్ 25 కిలోలు, 1986లో జర్మనీలోని గ్రెఫెర్న్ సరస్సులో పట్టింది. ఉత్తర అమెరికా రికార్డు సుమారు 21 కిలోలు, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని సకండాగాలో. సకండాగా 1930లో నిండిన కొత్త జలాశయం. మునిగిన అడవీ పొలాల సారంతో కొత్త జలాశయాల్లో కొన్నేళ్లు తిండి పొంగిపొర్లుతుంది. వడ్డీ రేటు అమాంతం పెరిగినట్టు, అదృష్టం కలిసొచ్చిన ఒకటి రెండు చేపలు ఆకాశానికి ఎదుగుతాయి. తర్వాత ఆ సారం అయిపోతుంది. సకండాగా రికార్డును ఆ జలాశయం కూడా మళ్లీ దాటలేదు. ఉత్తరాది చేప ఆ బరువుకు చేరదు. కానీ గ్రేట్ స్లేవ్, రెయిన్‌డీర్, వొలాస్టన్ లాంటి ఉత్తరాది సరస్సుల్లో 40 అంగుళాలు దాటినవి ఒకటి కాదు, ఒకే మూలలో నాలుగైదు పక్కపక్కన పడుకుని కనిపిస్తాయి.