300జెడ్‌ఎక్స్ ఎందుకు ఆగింది? అపోహలు, వాస్తవాలు

కొత్త కారు మోడల్‌కు ఎంత ఖర్చవుతుంది, ఎన్ని అమ్మితే అది తిరిగొస్తుంది అని లెక్కగట్టడం నా పని. జపాన్ కంపెనీ నిస్సాన్ జెడ్ వరుసలో చేసిన స్పోర్ట్స్ కారు 300జెడ్‌ఎక్స్ అంటే నాకు ప్రాణం. 1994లో అమెరికాలో డేటోనా 24 గంటల రేసునూ, సెబ్రింగ్ 12 గంటల రేసునూ గెలిచింది ఆ పేరుతో దిగిన కారే. అది ఆగిపోవడం గురించి ఏళ్ల తరబడి తప్పుడు మాటలే వింటున్నాను.

అపోహ: ఫ్రాన్స్ కార్ల కంపెనీ రెనో నుంచి నిస్సాన్‌ను నడపడానికి వచ్చిన కార్లోస్ ఘోన్ ఆపేశాడు.

తేదీలు చూడండి. అమెరికాలో ఆ కారు అమ్మకాలు 1996 మోడల్‌తో ముగిశాయి. నిస్సాన్‌లో రెనో 36.8 శాతం వాటా కొన్నది, ఘోన్ అక్కడికి వచ్చింది 1999లో. జపాన్‌లో మాత్రం 2000 వరకు తయారైంది. నిజానికి జెడ్‌ను తిరిగి తెచ్చింది ఆయన హయాంలోనే.

అపోహ: స్పోర్ట్స్ కారు మీద డబ్బు తగలేసి నిస్సాన్ మునిగింది.

1999 నాటికి కంపెనీ అప్పు దాదాపు 2 లక్షల కోట్ల యెన్లు. ఒక్క కారుతో అంత అప్పు కాదు. అమ్మకాలకు మించిన ఫ్యాక్టరీలు, ఎక్కువ ధరకు కొంటున్న విడిభాగాలు, సరఫరాదారుల షేర్లలో ఇరుక్కున్న డబ్బు, విడివిడిగా 24 ప్లాట్‌ఫామ్‌లు (కారు కింది భాగపు మూల నిర్మాణాలు). జబ్బు అక్కడుంది. అందుకే 1999 అక్టోబరులో ప్రకటించిన పునరుద్ధరణ ప్రణాళికలో 5 ఫ్యాక్టరీలు మూసేస్తామన్నారు, 21,000 ఉద్యోగాలు తగ్గిస్తామన్నారు. ఆ ఉద్యోగాల వెనకున్న కుటుంబాలను తలుచుకుంటే, కారు పోయిందన్న బాధ చిన్నదే అనిపిస్తుంది.

అపోహ: జనానికి మోజు తీరిపోయింది.

మోజు ఉంది, కొనే ధరలో కారు లేదు. 1989లో ఈ మోడల్ వచ్చినప్పుడు డాలరుకు సుమారు 140 యెన్లు. 1995 ఏప్రిల్‌కు 80కి పడిపోయింది. జపాన్‌లో తయారైన కారును అమెరికాలో 30 వేల డాలర్లకు అమ్మితే మొదట 42 లక్షల యెన్లు చేతికొచ్చేవి, తర్వాత 24 లక్షలే. ఉక్కు, జీతాలు, టర్బోల ఖర్చు మాత్రం యెన్లలోనే. ధర పెంచక తప్పలేదు, పెంచితే కొనేవాళ్లు తగ్గారు. మజ్దా ఆర్‌ఎక్స్-7 1995 తర్వాత, టొయోటా సుప్రా 1998 తర్వాత అమెరికా మార్కెట్‌ను వదిలేశాయి. వాటిదీ అదే తిప్పలు.

అపోహ: డైలు (విడిభాగాలను అచ్చువేసే అచ్చులు) ఉన్నాయి, తయారీ లైను ఉంది, పాత కారునే ఇంకొన్నాళ్లు చేస్తే పోయేదేముంది?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నిబంధనలు ఒకచోట నిలిచి ఉండవు. అమెరికాలో 1996 నుంచి ప్రతి కొత్త కారులో ఓబీడీ-2 అనే పొగ నియంత్రణ నిఘా వ్యవస్థ తప్పనిసరి అయింది. అలాంటి మార్పు వచ్చినప్పుడల్లా ఇంజిన్ కంప్యూటర్ సరిచేయాలి, పరీక్షలు మళ్లీ చేయించాలి. ఆ పనికి, ఉదాహరణకు, 10 కోట్లు అయిందనుకోండి. లక్ష కార్లు అమ్మే సెడాన్‌లో కారుకు 1,000 రూపాయలు పడుతుంది. 2,000 కార్లు అమ్మే స్పోర్ట్స్ కారులో 50,000 పడుతుంది. పైగా ఇంజినీర్లు ఉన్నది కొద్దిమందే. పిండి కొద్దీ రొట్టె కదా, వాళ్లను ముందు ఎక్కువ అమ్ముడుపోయే కారు మీదే పెడతారు. నేనున్నా అలాగే పెట్టేవాణ్ని, బాధపడుతూనే.

అపోహ: ఆపేశాక కంపెనీ జెడ్‌ను మరిచిపోయింది.

ఇది నాకు అస్సలు మింగుడుపడదు. 1997లో నిస్సాన్ అమెరికా విభాగం జెడ్ వరుసలో మొదటిదైన పాత 240జెడ్ కార్లు కొని, బాగుచేయించి, డీలర్ల దగ్గర అమ్మింది. 1999 జనవరిలో, రెనో ఒప్పందానికి రెండు నెలల ముందు, డెట్రాయిట్ ఆటో షోలో కొత్త జెడ్ నమూనాను చూపించింది. కంపెనీ ఉంటుందో ఊడుతుందో తెలియని టెన్షన్‌లో కాలిఫోర్నియా డిజైనర్లు గీసిన బొమ్మ అది.

2002లో కొత్త జెడ్, అంటే 350జెడ్ వచ్చినప్పుడు దాని ప్లాట్‌ఫామ్ నిస్సాన్‌దే అయిన స్కైలైన్ సెడాన్‌తో పంచుకున్నదే. 3.5 లీటర్ల వీ6 ఇంజిన్ కుటుంబం నిస్సాన్ మామూలు కార్లలోనూ ఉన్నదే. 300జెడ్‌ఎక్స్‌కు ప్లాట్‌ఫామ్ విషయంలో ఈ వెసులుబాటు లేదు. అమెరికాలో 350జెడ్ ధర 27 వేల డాలర్ల లోపే మొదలైంది.